ఆరోవాడి వాటా

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దలెవరూ రన్నింగ్ క్లబ్బులో సభ్యులై ఉండరు. చలికాలంలో ఆదివారం పూట దుప్పటి వదిలి లేచి, బనియనుకు నాలుగు సేఫ్టీ పిన్నులతో నంబరు గుచ్చుకుని, మోకాలి లోతు అడుసు తొక్కి, ఆనక సముద్రంలో కాలు కడుక్కుని, కడిగిన కాలితోనే మళ్లీ అడుసులోకి దిగే మనుషులుంటారని వాళ్లకు తట్టినట్టు లేదు. తట్టి ఉంటే సామెతకు ఒక మినహాయింపు పెట్టేవారు.

అయితే నా ఫిర్యాదు సామెత మీద కాదు. సభ్యసమాజం దృష్టికి తేవలసిన అన్యాయం ఇంకొకటుంది. అది జట్టులో ఆరోవాడికి జరుగుతున్న అన్యాయం.

తెలియనివారి కోసం లెక్క చెబుతాను. గడ్డి, బురద, ఇసుకల మీద పరిగెత్తే ఈ క్రాస్ కంట్రీ జట్టు పోటీల్లో ఎవరెంతసేపట్లో పరిగెత్తారన్నది కాదు, ఎన్నో స్థానంలో వచ్చారన్నది ముఖ్యం. మా పోటీలో ఒక్కో క్లబ్బు నుంచి మొదట వచ్చిన ఆరుగురి స్థానాలు కూడతారు. మొన్న మా కెప్టెన్ 4వ స్థానంలో వచ్చాడు. ఆ తర్వాతి నలుగురూ 11, 19, 32, 52. ఆరోవాడు 143. మొత్తం 261. ఇప్పుడు నిష్పక్షపాతంగా చూడండి. చప్పట్లు కొట్టించుకున్న కెప్టెన్ జట్టుకిచ్చింది 4. ఐదుగురు మహావీరులూ చేతులు కలిపి ఇచ్చింది 118. ఆరోవాడు ఒంటిచేత్తో 143 తెచ్చి జట్టు ఖాతాలో వేశాడు. సగం కన్నా ఎక్కువ! మొత్తం ఎంత తక్కువైతే అంత గెలుపు అన్న ఒక చిన్న సాంకేతిక వివరాన్ని పట్టుకుని ఇంత పెద్ద విరాళాన్ని చిన్నబుచ్చడం ఏం న్యాయం?

మా జట్టులో ఆరో స్థానం ఎవరిదో పాఠకులు ఈపాటికి గ్రహించే ఉంటారు.

చరిత్ర కూడా ఆరోవాడి పక్షానే ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ పరుగు పెట్టారు. చలికాలపు ఆటను జూలై ఎండలో పెట్టడమే ఒక వింత. 38 మంది బయలుదేరితే 15 మందే గీత దాటారు. మిగతావాళ్లు దారిలోనే ఆగిపోయారు, కొందరు కూలబడ్డారు. ఆ దెబ్బకు ఒలింపిక్స్ నుంచి ఆ పోటీనే తీసేశారు. అందులో మొదట వచ్చింది ఫిన్లాండ్ వీరుడు పావో నూర్మి. ఆ ఒలింపిక్స్‌లో ఆయనకు 5 స్వర్ణాలు వచ్చాయని క్విజ్ పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వాటిలో ఒకటి ఈ క్రాస్ కంట్రీ జట్టుకు వచ్చింది. జట్టుకు ముగ్గురు పూర్తి చెయ్యాలి. ఆ మూడోవాడు హైక్కి లీమటైనెన్, 12వ స్థానంలో వచ్చాడు. ఆయన కూడా కూలబడి ఉంటే నూర్మి ఐదో పతకం ఎవరింట్లో ఉండేదో ఆలోచించండి. లీమటైనెన్ పేరు మీరెప్పుడైనా విన్నారా? అదీ నేను చెప్పేది.

ఏడోవాడి మాట అంటారా? నియమం ప్రకారం ఏడోవాడు లెక్కలోకి రాడు. అవతలి జట్టు ఆరోవాడి కన్నా ముందొస్తే మాత్రం ఆ ఆరోవాడి స్థానం ఒకటి వెనక్కి పోతుంది. అంటే తన కంచంలో అన్నం లేకపోయినా పక్కవాడి కంచంలో ఇసుక చల్లే అధికారమన్నమాట. అంతకు మించి ఏడోవాడి గురించి రాయడానికి ఏమీ లేదు. మా క్లబ్బులో ఆ పదవి అరవై దాటిన ఒక పెద్దాయనది. అందరం బాబాయ్ అంటాం.

ఇక దారి సంగతి. ముందు పరిగెత్తేవాళ్లకూ వెనక పరిగెత్తేవాళ్లకూ ఒకే దారి ఇస్తున్నామని నిర్వాహకులు చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం. దారిని ముందు వెళ్లినవాళ్లు వాడేస్తారు. గడ్డి మీద వంద జతల స్పైక్స్, అంటే అడుగున మేకులున్న బూట్లు, దిగాక మిగిలేది గడ్డి కాదు, పిండి కలిపిన గిన్నె అడుగు. కెప్టెన్ తొక్కింది నేల. నాకు మిగిలింది వాడేసిన నేల.

సముద్రపు ఒడ్డునా ఇదే పక్షపాతం. పొడి ఇసుకలో పరిగెత్తడానికి గట్టి నేల మీదకన్నా 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. అందుకే తెలిసినవాళ్లు అల అంచున తడిసి గట్టిపడ్డ ఇసుక మీదే పరిగెడతారు. నిర్వాహకులు సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసి మరీ పోటీ మొదలెట్టారు. బాగానే ఉంది. కానీ సముద్రం ఎవరికోసమూ ఆగదు కదా, ఆటుకు పోటుకు మధ్య ఉండేది ఆరు గంటల చిల్లర. కెప్టెన్ వెళ్లినప్పుడు రాజమార్గంలా పరుచుకున్న గట్టి ఇసుక, నేను చేరేసరికి సన్నని పట్టీగా మిగిలింది. ఆ పట్టీ మీద కూడా ఉండుండి అల వచ్చి నా బూట్ల యోగక్షేమాలు కనుక్కుని పోయింది.

నెమ్మదిగా పరిగెత్తేవాడికి విజ్ఞానం పెరుగుతుందన్నది మాత్రం ఒప్పుకోవాలి. తడి ఇసుక మీద అడుగు పడగానే చుట్టూ ఒక్క క్షణం పొడిబారినట్టు తెల్లబడుతుంది. ఒత్తిడికి రేణువులు ఎడంగా జరిగి పైనీటిని లోపలికి పీల్చుకుంటాయని 1885లోనే శాస్త్రవేత్త ఆస్బోర్న్ రేనాల్డ్స్ వివరించాడు. దీన్ని నేను అడుగడుగునా ఆగి ఆగి పరిశీలించాను. మా కెప్టెన్‌ను అడిగితే "ఇసుకా? ఎక్కడ?" అన్నాడు.

ఈ ఆటకు మూలపురుషులు ఇంగ్లండ్ బడిపిల్లలు. 19వ శతాబ్దంలో ఇద్దరు కుర్రాళ్లు కుందేళ్లమని కాగితం ముక్కలు చల్లుకుంటూ పొలాలకు అడ్డంపడి పారిపోయేవారు. మిగతావాళ్లు వేటకుక్కలై వాళ్ల వెంటపడేవారు. అక్కడ చాలా క్లబ్బుల పేర్లలో ఈనాటికీ కనిపించే హ్యారియర్స్ అన్న మాటకు కుందేళ్లను వేటాడే కుక్కలని అర్థం. ఇప్పుడు కుందేళ్లు పోయాయి, కాగితాలు పోయాయి, కుక్కలం మిగిలాం.

అసలు ఘటన చివరి అడవిదారిలో జరిగింది. అక్కడ బురద మామూలు బురద కాదు, పట్టుదల గల బురద. ఎడమ కాలు దిగింది. లాగాను. కాలు వచ్చింది, బూటు రాలేదు. బురదలోంచి నిలువుగా లాగితే అడుగున గాలి చొరబడక బూటు ఇంకా బిగుసుకుంటుందని ఆ క్షణంలో నాకు తెలియదు. తెలిసినా ఉపయోగం లేదు, నేను ఒంటికాలి మీద కొంగజపంలో ఉన్నాను. స్పైక్స్‌కు 15 మిల్లీమీటర్ల మేకులు బిగించుకోమన్న కెప్టెన్, లేసులకు రెండో ముడి వేసుకోమనడం మరిచాడు. ఇది రికార్డుల్లో ఉండాలి.

వెనక నుంచి అడుగుల చప్పుడు. బాబాయ్.

"పైకి లాగకురా, మడమ పక్కకి తిప్పు. గాలి లోపలికి పోనీ."

తిప్పాను. పెద్ద శబ్దంతో బూటు వచ్చింది. దాని నిండా కిలో బురద. అది దులిపి, వేలు పెట్టి గోకి, లేసు విప్పి, ఈసారి రెండు ముడులూ వేసి, ధన్యవాదాలు చెబుదామని తలెత్తేసరికి బాబాయ్ వీపు మీది నంబరు మలుపు దాటుతోంది. ఆ వయసులో ఆయనకు అంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు. పైగా నీతికి సంబంధించిన ప్రశ్న ఒకటుంది. సలహా ఇచ్చినవాడు ఆ సలహా అమలు పూర్తయ్యేదాకా నిలబడాలా, వద్దా? నియమావళి అంతా వెతికాను. ఎక్కడా లేదు.

పైన ఇచ్చిన గణాంకాల్లో కచ్చితత్వం కోసం ఒక చిన్న సవరణ చేసుకోవాలి. 143 బాబాయ్‌ది. నాది 144. ఏడోవాడిగా అవతలి జట్ల ఆరోవాళ్లను వెనక్కి నెట్టే బాధ్యత నాకు సంక్రమించింది గానీ, నేను గీత దాటేసరికి వాళ్లంతా కాళ్లు కడుక్కుని ఫొటోలు దిగుతున్నారు. ఏడోవాడి స్థానాన్ని కూడా లెక్కలో కలపాలని కోరుతూ కెప్టెన్‌కు వినతిపత్రం ఇచ్చాను. 261కి 144 కలిపితే మొత్తం 405 అవుతుందనీ, అందులో మళ్లీ పెద్ద వాటా నాదేననీ అందులో స్పష్టంగా రాశాను. ఇంకా జవాబు రాలేదు.