పాయింట్ టూ టూ రైఫిల్ గారికి ఒక ఖాళీ బీరువా యజమాని రాయునది

మహారాజశ్రీ పాయింట్ టూ టూ రైఫిల్ గారి సముఖానికి,

నల్లగొండ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు ఎక్కడున్నారో నాకూ తెలియదు, తమరిని అమ్ముతానన్న దుకాణదారుడికీ తెలియదు కాబట్టి తమరి క్షేమం అడగడం లేదు.

తమరు వచ్చేశారని నిన్న పొద్దున్నే ఫోన్ వచ్చింది. "బోల్ట్ యాక్షన్ పీసే అన్నా, మీ కోసమే పక్కకు పెట్టిన, మధ్యాహ్నం వరకు రాండి" అన్నాడు. ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి, లైసెన్సుని ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని బస్సెక్కాను. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, దారి పొడవునా పాయింట్ టూ టూ అంగుళాల రంధ్రమున్న తమరి బ్యారెల్ గురించే ఆలోచన. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రో. దుకాణంలో అడుగు పెట్టగానే టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటే సరుకు లేదని అర్థం, తిరిగినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. టీ అయ్యాక బీరువా తీసి, కౌంటర్ మీద గుడ్డ పరిచి, దాని మీద పెట్టాడు. ఎయిర్ రైఫిల్!

"గిదేందన్నా?" అన్నాను.

"గిది గూడ రైఫిలే గదన్నా. గగన్ నారంగ్ లండన్ల మెడల్ కొట్టింది గిసోంటి దాంతోనే."

నిజమే. 2012లో మన హైదరాబాద్ షూటర్ కంచు పతకం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆయనకి దండం. కానీ ఈ గాలి తుపాకికి, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి, 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సే అవసరం లేదు. లైసెన్సు అవసరం లేనిదాన్ని కొనడానికా నేను ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది?

అయినా ఆ దుకాణదారుడి మీద నాకు కోపం లేదు. పొట్టకూటి అబద్ధం. కోపమంతా తమరి మీదే. చిన్న చిన్నవి ముందు తేల్చేసి, అసలు సంగతికి తర్వాత వస్తాను.

తమరిని ఎట్లా ఎంచుకోవాలా అని నేను చదవనిది లేదు, చూడని వీడియో లేదు. అమెరికాలో 1964 నుంచి అమ్ముతున్న రూగర్ టెన్ ట్వంటీటూ అట, ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కడమే, తర్వాతి రౌండు దానంతట అదే ఎక్కుతుంది. చెక్ దేశపు సీజెడ్ అట, బోల్ట్ చేత్తో లాగాలి, పెట్టిన డబ్బుకి మించిన గురి. జర్మనీ అన్షుట్జ్ అట, ఒలింపిక్ వాళ్ల చేతుల్లో ఉంటుంది, దాని ధర పైకి చదివితే మా ఆవిడ వెంటనే పాప కాలేజీ ఫీజు గుర్తు చేస్తుంది. అన్నీ చూసి బోల్ట్ యాక్షన్ దగ్గర ఆగాను. ఒక్కో రౌండు లెక్క చూసుకుని కాల్చే దేశంలో గబగబా కాల్చే రైఫిల్‌తో ఏం పని? బోల్ట్ లాగి మూసే ఆ కాస్త సమయంలో గుండు పక్కకి ఎందుకు పోయిందో ఆలోచించుకోవచ్చు. బ్యారెల్ కొంచెం బరువుండాలి, చేతిలో నిలకడ కోసం. దూరదర్శిని వద్దు, వెనక సన్నటి రంధ్రంలోంచి చూసే మ్యాచ్ సైట్ చాలు, పోటీల్లో ఎలాగూ అదే వాడాలి. భుజానికి ఆనించే వెనక కొసని, అదే బట్‌ని, మోచేతి మడతలో ఆనిస్తే వేలు ట్రిగ్గర్ దాకా అందాలి. ఇన్ని తేల్చుకుని దుకాణానికి వెళ్తే ఏది కావాలని ఎవరూ అడగరు. "ఉన్నది ఇస్తే తీస్కుంటవా అన్నా?" అని అడుగుతారు.

ఆ వీడియోల్లో ఇంకో తిరకాసు. ప్రతి రైఫిల్‌నీ కుందేలుతోనో ఉడుతతోనో కొలుస్తారు. ఇంత దూరంలో ఉడుత తల, అంత దూరంలో కుందేలు చెవి కింద. ఇక్కడ నేను కుందేలు మీద తుపాకి ఎత్తితే 1972 నాటి వన్యప్రాణి చట్టం నా మీద చెయ్యెత్తుతుంది. ఇక ఉడుతంటారా, వీపు మీద రాముడి వేళ్ల గుర్తులున్న జీవిని కొట్టి మా అమ్మ ఎదుట నిలబడే ధైర్యం నాకు లేదు. కాకి, ఎలుక, పండ్ల గబ్బిలం లాంటివాటికి ఆ చట్టంలో హానికర జీవులని ఒక జాబితా ఉండేది. 2022 సవరణతో అదీ పోయింది. తమరి పేరు ప్రతిష్ఠల్లో సగం ఆ చిన్న వేట వల్ల వచ్చినవే కదా, ఆ సగం మా దగ్గర చెల్లదు. మిగిలినవి కాగితం మీద గీసిన గుండ్రాలు.

ఈ మాట మా మేనమామకి చెప్పి చూడండి. అచ్చంపేట దగ్గర ఆయనకి పల్లి చేను. అడవి పందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కట్టాడు, డబ్బాలు కొట్టాడు. నాకు లైసెన్సు వచ్చిందని తెలిసి ఫోన్ చేశాడు. "అల్లుడా, ఒక్క రాత్రి వచ్చిపోరాదు?" తమరి గుండు శక్తి 140 జౌల్స్ చుట్టుపక్కలేనని, దాంతో పందికి కోపం తెప్పించగలమే తప్ప చంపలేమని, పైగా అనుమతి లేకుండా కొడితే జైలని చెప్పాను. "గంతేనా? మరి గా ముచ్చటకు గన్ని పైసలెందుకురా?" అన్నాడు. జవాబేమైనా ఉంటే తమరే ఆయనకి ఫోన్ చేసి చెప్పండి.

లైసెన్సు ఇచ్చే ఆఫీసు గురించి ఎక్కువ రాయను. "మీ ప్రాణానికి ఎవరి నుంచి ముప్పుంది?" అన్నారు. ఎవరి నుంచీ లేదు సార్, గురి నేర్చుకోవడానికి అన్నాను. వాళ్ల ముఖంలో నమ్మకం మాయమైంది. వాళ్లని మాత్రం ఏమనాలి? ఈ జిల్లాలో తుపాకి అంటే పెద్దమనుషులకి రజాకార్ల కాలపు భర్మార్లు, అంటే నాటు తుపాకులు గుర్తొస్తాయి, ఆఫీసులకి దేవరకొండ, నల్లమల వైపు తిరిగిన దళాలు గుర్తొస్తాయి. కాగితానికి బెజ్జం పెట్టడానికి తుపాకి అడిగేవాడు ఎవరికీ గుర్తురాడు. ఆ లైసెన్సు వచ్చాక కూడా ఎన్నికల కోడ్ వచ్చిన ప్రతిసారీ తమరిని ఠాణాలో అప్పజెప్పి రావాలట. 2023 నవంబర్‌లో అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ, ఆ తర్వాత పంచాయతీలు. తమరు వచ్చినా మా ఇంట్లో చుట్టపు చూపుగానే ఉంటారన్నమాట.

ఇవన్నీ ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది తమరి తిండి.

తమరికి ఏ తూటా పెడితే అది పడదు. దసరాకి వచ్చిన కొత్తల్లుడు కూడా రెండు కూరలు వంకపెట్టి మూడోది తింటాడు. తమరు అట్లా కాదు. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే మోడల్‌లో, పక్కపక్క నంబర్లతో తయారైన రెండు రైఫిళ్లలో ఒకటి ఈలీ రౌండ్లు పెడితే గుండు మీద గుండు వేస్తుంది, రెండోది అవే రౌండ్లని కాగితమంతా చల్లుతుంది. కంపెనీ మారితేనే కాదు, ఒకే కంపెనీ డబ్బాలో లాట్ నంబరు, అంటే తయారైన విడత నంబరు మారినా తమరి మూడ్ మారుతుంది. అందుకే పెద్ద షూటర్లు రైఫిల్ పట్టుకుని తూటాల కంపెనీ టెస్ట్ రేంజికే పోతారు. ఇంగ్లండ్‌లో ఈలీ, జర్మనీలో లాపువా. అక్కడ లాట్ తర్వాత లాట్ కాల్చి, నచ్చిన లాట్‌ని పెట్టెలకి పెట్టెలు కొనుక్కుంటారు. నేనెక్కడికి పోవాలి? చౌటుప్పల్‌కా?

ఇదంతా తమరి పుట్టుకలోనే ఉంది. పెద్ద రైఫిళ్ల తూటాకి అడుగున మధ్యలో టోపీ ఉంటుంది. కాల్చాక ఖాళీ కేసు ఏరుకొచ్చి, కొత్త టోపీ పెట్టి, మందు తూచి మళ్లీ నింపుకోవచ్చు. తమరి తూటాకి ఆ టోపీ లేదు. నిప్పు రాజేసే మందు కేసు అడుగున మడిచిన అంచు లోపల ఉంటుంది, పిన్ను వచ్చి ఆ అంచుని నలిపితే పేలుతుంది. నలిగింది నలిగినట్టే, మళ్లీ నింపుకునే దారి లేదు. ఫ్యాక్టరీ ఏం పెడితే అదే ప్రసాదం. అంచు చుట్టూ మందు సమంగా అంటకపోతే క్లిక్‌మని ఊరుకుంటారు. అప్పుడు నేను గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, ఊపిరి బిగబట్టి అర నిమిషం ఆగాలి. 1887 నుంచీ ఇదే వరస.

పోనీ రౌండ్లు ఖర్చు కాకుండా ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో ట్రిగ్గర్ సాధన చేద్దామంటే అదీ కుదరదు. లోపల తూటా లేకపోతే పిన్ను పోయి తూటా కూర్చునే ఛాంబర్ అంచుకి తగిలి, అక్కడ గాటు పడే ప్రమాదం. తూటా పెడితే నచ్చదు, పెట్టకపోతే దెబ్బ తగులుతుంది.

వేగం ఎక్కువున్న రౌండ్లు కొంటే మంచిదనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. ధ్వనిని మించిన వేగంతో బయల్దేరిన తమరి గుండు, కాస్త దూరం పోయేసరికి ధ్వని కంటే నెమ్మదిస్తుంది. ఆ దాటే చోట దానికి వణుకు, మనకి గురి గల్లంతు. అందుకే పోటీలకి వాడే మ్యాచ్ రౌండ్లు మొదటి నుంచే నెమ్మది, సెకనుకి 325 మీటర్ల దగ్గర. ఈ ఒక్క విషయంలో మాత్రం మా ఎండ తమరికి అనుకూలం. నలభై డిగ్రీల వేడిలో ధ్వని సెకనుకి 355 మీటర్లు పోతుంది కాబట్టి మే నెలలో నల్లగొండ రౌండుకి ఇంకాస్త వెసులుబాటు. కానీ ఆ ఎండ వెంట వడగాలి కూడా వస్తుంది. గంటకి పదిహేను కిలోమీటర్ల పక్కగాలి 50 మీటర్ల దూరంలో తమరి గుండుని రెండు సెంటీమీటర్లకి పైగా నెట్టేస్తుంది. పదో నంబరు గుండ్రం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. చాలా సంతోషం.

ఇప్పుడు లెక్క చూడండి. నా లైసెన్సు మీద ఏడాదికి 200 రౌండ్లని రాసి ఉంది. డబ్బాకి 50. అంటే నాలుగు డబ్బాలు. తమరికి ఏది నచ్చుతుందో తెలుసుకుందామని నాలుగు రకాలు తలా ఒక డబ్బా కొంటే ఏడాది కోటా అయిపోయింది. నచ్చింది తెలిసింది, కొనడానికి కోటా లేదు. వచ్చే ఏడాది కోటా వస్తుంది, అప్పటికి దుకాణంలో ఆ లాట్ ఉండదు. మళ్లీ మొదటికి. మూడు పొజిషన్ల మ్యాచ్ ఒక్కటంటే మోకాలి మీద 20, పడుకుని 20, నిలబడి 20, మొత్తం 60 షాట్లు, సరిచూసుకునే షాట్లు కాకుండా. మూడు మ్యాచ్‌లకి సంవత్సరం చెల్లు. పేరున్న షూటర్లకి కోటా వేరు, చాలా ఎక్కువ. పేరు రావాలంటే కాల్చాలి, కాల్చాలంటే పేరుండాలి. ఏం న్యాయమండీ ఇది?

అసలు ఆ నాలుగు రకాలు దొరికితే కదా ఈ లెక్కంతా! ఎప్పుడడిగినా దుకాణదారుడు తన బీరువాలోంచి ఒకే రంగు డబ్బా తీస్తాడు. వేరే కంపెనీది లేదా అంటే, "గిదే నడుస్తది అన్నా, అందరు గిదే తీస్కపోతరు."

ఇక ఆ గారు, తమరు పక్కన పెడుతున్నా. ఏమనుకుంటున్నావు నువ్వు? తుపాకుల్లోకెల్లా చిన్నదానివి. చప్పుడు లేదు, భుజానికి దెబ్బ లేదు, పందిని కొట్టలేవు, కుందేలుని కొట్టకూడదు. పిల్లలు నేర్చుకునే రైఫిల్ అంటారు నిన్ను. నీకెందుకింత రాజసం? రైఫిల్ ఎంచుకోవడమని వాళ్లంతా పెద్ద పెద్ద మాటలు చెప్తారు. మా దగ్గర నిన్ను ఎంచుకునేది నేను కాదు, ఆ బీరువాలోని ఆ ఒక్క రంగు డబ్బా. బిగుతు మ్యాచ్ ఛాంబర్ ఉన్నదాన్ని కొని, ఆ డబ్బాలోది అందులో సరిగ్గా కూర్చోక బోల్ట్‌తో కుస్తీ పడే కంటే, కొంచెం వదులు ఛాంబర్ ఉన్న మామూలు స్పోర్టర్ రైఫిల్‌ని కొనుక్కుంటా. గురి కాస్త తగ్గుతుంది. తగ్గనీ. పెట్టింది మింగే రైఫిల్ కావాలి నాకు, పేరున్న రైఫిల్ కాదు.

ఇంత తిట్టాక కూడా ఎందుకు నీ వెంట పడుతున్నానంటావా? ఎన్‌సీసీ క్యాంపులో మట్టి మీద బోర్లా పడుకోబెట్టి నిన్ను చేతికిచ్చినప్పటి నుంచీ నాకు వేరే తుపాకి మీద మనసు పోలేదు. మొన్న పారిస్‌లో, 2024లో, స్వప్నిల్ కుసాలే అనే రైల్వే టీటీఈ 50 మీటర్ల మూడు పొజిషన్లలో కంచు పతకం కొట్టాడు. అది గాలి తుపాకి కాదు, నువ్వే. ఆ వీడియో నిన్న దుకాణదారుడికి కౌంటర్ మీదే చూపించాను. "ఆయనకు రౌండ్లు ఎవరిస్తరో కనుక్కోరాదే అన్నా, మనం గూడ తెప్పిద్దాం" అన్నాడు.

అందుకే చెప్తున్నా. ఒంటరిగా రావద్దు. ఒకే లాట్ నంబరున్న డబ్బాలు నాలుగు వెంటబెట్టుకుని రా. లైసెన్సు మీద కొనుగోలుకి గడువుంది, అది దగ్గర పడుతోంది. గడువు దాటితే మళ్లీ అదే ఆఫీసు, మళ్లీ అదే ప్రశ్న, ప్రాణానికి ఎవరి నుంచి ముప్పని. ఈసారి లేదని చెప్పను. నీ పేరు రాసిస్తా.

ఇట్లు,
బీరువా కొని తాళం కూడా వేసిపెట్టుకున్న
నల్లగొండ వాస్తవ్యుడు