సముద్రం సంపాదనలో పది పైసలైనా సముద్రానికి ఇద్దాం

భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద ఇప్పుడు రొయ్య అంటే వనామీయే. అది మన సముద్రపు రొయ్య కాదు, అమెరికా ఖండాల పసిఫిక్ తీరానిది. 2009లో కేంద్రం అనుమతి ఇచ్చాక మన చెరువుల్ని ఆక్రమించేసింది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు కావలసిన తల్లి రొయ్యలు నేటికీ చాలావరకు విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే మన తీరానికి చేరుతున్నాయి.

అంతకుముందు మన చెరువుల్లో ఉన్నది టైగర్ రొయ్య. తల్లులు బంగాళాఖాతంలోనే దొరికేవి. వేటలో ఒక్క మంచి తల్లి పడితే ఆ రోజు బోటుకు పండగే. 1990ల మధ్యలో వైట్‌స్పాట్ వైరస్ వచ్చి పంటలు తుడిచిపెట్టుకుపోయాయి, రైతులు అప్పులపాలయ్యారు. సముద్రంలో పట్టిన తల్లులే వైరస్‌ను హేచరీకి మోసుకొచ్చే ప్రమాదం ఉండేది. రోగం లేని తల్లుల్ని తరం తర్వాత తరం ఎంపిక చేసి పెంచాలంటే ఏళ్లు పడుతుంది. వనామీకి ఆ పని విదేశాల్లో దశాబ్దాల పాటు ఓపిగ్గా జరిగింది. మన తెల్ల రొయ్య ఇండికస్ విషయంలో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా చేపట్టిన జన్యు అభివృద్ధి కార్యక్రమానికి కేంద్రం తొలి దశ కింద ఇచ్చింది 25 కోట్ల రూపాయలు.

2024-25లో దేశం నుంచి ఎగుమతైన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్లు. అందులో పెద్ద వాటా రొయ్యలదే, ఆ రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే. వంద రూపాయలకు పది పైసలు లెక్క వేసినా ఏడాదికి 62 కోట్లు అవుతుంది. మన సముద్రంలో ఏ జీవి ఉంది, ఏది తగ్గుతోంది అని తెలుసుకోవడానికి కనీసం అంత సొమ్మైనా ఏటా తప్పకుండా అందాలన్నది నా వాదన.

సొమ్ము ఎంత అన్నదానికంటే అది వచ్చే తీరు నన్ను ఎక్కువ బాధిస్తుంది. పరిశోధన నిధులు చాలావరకు మూడేళ్ల ప్రాజెక్టులుగా వస్తాయి. మూడో ఏడు ముగిసేసరికి చేపను చూసి పేరు చెప్పడం నేర్చిన కుర్రాడు ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు. నమూనాలు సీసాల్లో మిగిలిపోతాయి. ఒక ఏడాది కవళ్ల చేపలు తగ్గితే అది సముద్రం సహజంగా చేసేదా, మనం చేసిందా అని మూడేళ్ల లెక్కతో ఎవరూ చెప్పలేరు. అమ్ముడయ్యే చేపల విషయంలో మనం కొంత నయం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సిబ్బంది దశాబ్దాలుగా రేవుల్లో దిగే చేపను నమోదు చేస్తున్నారు. చందువలూ కానాగంతలూ ఎన్ని దిగుతున్నాయో అందువల్లే తెలుస్తోంది. ట్రాలర్ వలలో పడే చిల్లర చేప సంగతి అలా కాదు. పిల్ల చేపలు, పీతలు, నత్తలు, పేరు తెలియని పురుగులు, అన్నీ ఒకే కుప్ప. అందులో చాలా భాగం ఎండబెట్టి పొడి చేసి మేతల్లో కలిపేస్తారు. ఏం పోతోందో తెలియకుండానే పోతోంది.

వేట నిషేధం సంగతీ చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. 2025 నుంచి రాష్ట్రం మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తోంది. ఇవ్వాల్సిందే, పస్తులుండేది వాళ్లే. అయితే ఆ రెండు నెలల విరామంతో సముద్రపు అడుగు ఎంత కోలుకుందో తెలియాలంటే ఏటా అవే చోట్ల, అవే వారాల్లో వెళ్లి చూడాలి. పరిహారానికి పెట్టే ఖర్చులో చిన్న భాగంతో ఆ పని జరుగుతుంది.

ఎగుమతిదారుల మీద సెస్సు వేయమంటారా అని అడగొచ్చు. వద్దంటాను. సెస్సు వేస్తే కంపెనీ తన జేబు నుంచి తీయదు, రైతుకిచ్చే కౌంట్ ధరలో, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి కట్టే ధరలో, కోస్తుంది. 2025లో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రైతుకు ఎంత టెన్షన్ పట్టుకుందో చూశాం. ఎగుమతి విలువ కొలమానంగా ఉండాలి, డబ్బు బడ్జెట్ నుంచే రావాలి. పదేళ్లకు ఒకేసారి హామీ ఇవ్వాలి. ఆ డబ్బులో కొంత విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో మత్స్యకార కుటుంబాల పిల్లలకు జీతంగా వెళ్లాలి. వలలో పడినదాన్ని చూసి పేరు చెప్పడం వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చిల్లర చేప కుప్ప లారీ ఎక్కకముందు అందులో ఏమేం ఉన్నాయో రోజూ రాసే పని వాళ్లకు అప్పగించాలి.