అలెప్పీలో నెల కాదు, పడవ కట్టే చోటు చూసుకోండి
కేరళలోని అలెప్పీ హౌస్‌బోటులో రద్దీ తప్పాలంటే డిసెంబరు సెలవులు మానుకుంటే చాలని ఒక వ్యాసంలో చదివాను. నాకైతే అది సగమే నిజమనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, రాత్రి పడవ ఎక్కడ కడతారన్నది. ఈ పడవలు రాత్రంతా తిరగవు. జాలర్లు వలలు వేసుకునే వేళ కాబట్టి సాయంత్రం ఆరు లోపే ఒడ్డుకు చేర్చి కట్టేస్తారు. అది ఊరి పక్కనే పడవలన్నీ చేరే పున్నమడ సరస్సు దగ్గరైందా, వానాకాలమైనా సరే, పక్క పడవలో పాటలు, జనరేటరు మోత, కిటికీ తీస్తే డీజిలు వాసన. మా పక్క బోటువాళ్లయితే మా ప్లేట్లలో కరిమీన్ చేప వేపుడు చూసి ఎలా ఉందని అడిగారు, అంత దగ్గర! అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే కైనకరి ఊరి వైపు పొలంగట్టున కడతారా అని అడిగి ఖాయం చేసుకోండి. ఇరుకు కాలువల్లోకి హౌస్‌బోటు ఎలాగూ పట్టదు. అందుకని పొద్దున్నే చిన్న పడవ మాట్లాడుకుంటే, ఆ చుట్టుపక్కల కుట్టనాడు ప్రాంతపు వరిచేలు కాలువ నీళ్లకన్నా పల్లంలో ఉండటం కళ్లారా చూడొచ్చు. జనం అసలే వద్దనుకుంటే కొల్లం దగ్గర అష్టముడి సరస్సు, ఇంకా ఓపికుంటే ఉత్తరాన కాసరగోడ్ జిల్లాలోని వలియపరంబ బ్యాక్‌వాటర్స్. అక్కడ పడవలు తక్కువ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి.