ఫైబరు సీతాకోకచిలుకకు జయము

హైదరాబాదు శివారులోని మా చెరువు గట్టు మీద ఈ వసంతంలో ‘ప్రకృతి బాట’ వెలిసింది. ప్రకృతికి బాట వేయాలంటే దారికి అడ్డుగా ఉన్న ప్రకృతిని ముందుగా తొలగించాలన్న సూత్రాన్ని మనవారు ఎంత నిష్ఠతో పాటించారో చూసి నేను పులకించిపోయాను.

నిన్నటిదాకా ఆ గట్టు పొడవునా జిల్లేడు, తంగేడు, తుమ్మి, గడ్డిచామంతి ఎవరూ నీళ్లు పోయకుండానే, ఎవరూ టెండరు పిలవకుండానే పెరిగి పూస్తుండేవి. ఈ అక్రమ కట్టడాలను జేసీబీతో నేలమట్టం చేసి, సిమెంటు పలకలు పరిచి, ఇరువైపులా ట్యాంకరు నీళ్లతో బతికే క్రోటన్లను నాటారు. బాట మొదట్లో నిలువెత్తు ఫైబరు సీతాకోకచిలుకను ప్రతిష్ఠించారు. దానికి ఎనిమిది కాళ్లున్నాయి. సాలీడు మనసు కూడా నొప్పించకూడదని శిల్పి భావించి ఉంటాడు.

ప్రారంభోత్సవాన్ని ఉగాది మరునాడు పెట్టారు. స్పీకర్లలో కోయిల కూత రికార్డు మోగుతుండగా, పక్కనే పూతతో ఉన్న వేపచెట్టు మీది అసలు కోయిల, తన పొలిమేరలోకి మరో మగపక్షి చొరబడిందనుకుందో ఏమో, పోటీగా గొంతు పెంచింది. ఇది ఒక మెట్టు పెంచితే రికార్డు తొణకలేదు, బెణకలేదు. మళ్లీ మొదటి నుంచి అందుకుంది. ప్రకృతి ప్రేమ మీద సాగుతున్న ప్రసంగానికి ఆ చెట్టు మీది గోల అంతరాయం కలిగిస్తోందని పెద్దలు చికాకుపడగా, ఒక కార్యకర్త చప్పట్లు చరిచి, రాయి విసిరి, కోయిలను వెళ్లగొట్టాడు. అటుపైన రికార్డు నిర్విఘ్నంగా కూసింది. సభికులు పరవశించారు. ఆపై ఫైబరు రెక్కల మధ్య నిలబడి ఫోటోలు దిగడానికి బారులు తీరారు. అయితే ఫోటోలో ఎగిరే సీతాకోకచిలుక ఒక్కటైనా పడలేదేమని ఒక పెద్దాయన నన్నే అడిగారు.

ఎలా పడుతుందండీ? నారింజ రెక్కలకు నల్లని అంచులుండే సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది జిల్లేడు ఆకు మీద. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు ఆ ఆకునే తిని, ఆ పాలలోని విషాన్నే ఒంట్లో దాచుకుని పక్షుల నోట పడకుండా బతుకుతుంది. లేత పసుపు రెక్కలవాటి పిల్లలు పెరిగేది తంగేడు మీద. ఆ తంగేడు 2014 నుంచి తెలంగాణ రాష్ట్ర పుష్పం! ఆశ్వయుజంలో బతుకమ్మగా పేర్చి మొక్కుతాం; చైత్రంలో పిచ్చిమొక్క అని వేళ్లతో సహా పెకలిస్తాం. చెత్త ట్రాక్టరులోకి ఎత్తిన జిల్లేడు కొమ్మల మీద ఆ చారల పురుగులు, తమను ఎక్కడికి తీసుకుపోతున్నారో తెలియక, ఇంకా ఆకు కొరుకుతూనే ఉండటం ఈ కళ్లతో చూశాను. రెక్కలు కావాలి, పురుగు వద్దు! ఆ పురుగే ఆ రెక్కలని బడిపిల్లవాడికి తెలుసు. లక్షల బిల్లుల మీద సంతకాలు చేసేవారికి తెలియదా? సిగ్గుండాలి.

క్షమించండి, ప్రశంసావ్యాసంలో స్వరం పెరిగింది. బాట వెంట ‘పూలు కోసినచో 500 రూపాయల జరిమానా’ అన్న బోర్డులు కూడా పెట్టారని చెప్పడం మరిచాను. ఇప్పటివరకు ఒక్కరూ ఉల్లంఘించలేదు.

నిన్న సాయంత్రం రెండు సిమెంటు పలకల సందులోంచి జిల్లేడు మళ్లీ చిగురించడం చూసి ఆగిపోయాను. లేత ఆకు అంచున అర్ధచంద్రాకారంలో ఎవరో కొరికిన గుర్తు ఉంది. వంగి చూస్తుండగా మేస్త్రీ కూడా వచ్చి చూశాడు. సోమవారం మనిషిని పంపుతానన్నాడు.