బ్రోకర్ లేడు సరే, కాగితాలు అడిగేదెవరు?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ... బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే చోట్ల ఈమధ్య తరచూ ఒక మాట వినిపిస్తోంది: "ఓనర్ దగ్గరే కొన్నాం, మధ్యలో బ్రోకర్ లేడు." అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రకటనో, ఆఫీసులో తెలిసినవాళ్లు చెప్పిన కబురో, ఊరివాళ్ల పరిచయమో దొరికితే చాలు, బేరం మొదలైపోతోంది. ఇందులో తప్పేమీ లేదు. పాత ఇల్లు చేతులు మారినప్పుడు ఇక్కడి బ్రోకర్లు ఒక్కో పక్షం నుంచి ఒక శాతం, కొన్నిచోట్ల రెండు శాతం అడగడం మామూలు. కోటి రూపాయల ఫ్లాట్ మీద అది లక్ష, రెండు లక్షలు. నెలనెలా ఈఎంఐ లెక్కలు వేసుకుని బతికే కుటుంబం ఆ డబ్బు మిగుల్చుకోవాలనుకోవడం న్యాయమైన కోరిక. నేరుగా కొనడాన్ని మేం సమర్థిస్తాం.

అయితే బ్రోకర్‌ను తప్పించినప్పుడు కమీషన్ ఒక్కటే కాదు, అతను చేసే పని కూడా మిగిలిపోతుంది. అందులో కష్టమైనది ఇల్లు చూపించడం కాదు. మనం నోరు తెరిచి అడగలేని మాటలు మన తరఫున అడగడం.

ఎలా జరుగుతుందో చూడండి. ఆదివారం పొద్దున భార్యాభర్తలు ఇల్లు చూడటానికి వెళ్తారు. కాఫీ వస్తుంది. "ఏ ఊరు బాబూ మీది?" అని ఇంటాయన అడుగుతారు. "నరసరావుపేట అంకుల్." "అయ్యో, మాది చిలకలూరిపేటే!" అక్కడితో వాతావరణం మారిపోతుంది. చుట్టాల్లో చుట్టం కలుస్తాడు. ఇంటావిడ వంటగది అలమరాలు తెరిచి చూపిస్తారు, కావేరి నీళ్లు ఏ రోజుల్లో వస్తాయో చెబుతారు. చివర్లో కుర్రాడు కాస్త తటపటాయిస్తూ "డాక్యుమెంట్లు ఒకసారి చూడొచ్చా అంకుల్?" అంటాడు. "అన్నీ క్లియరే బాబూ. ఒరిజినల్స్ బ్యాంకులో ఉన్నాయి, లోన్ అయిపోవచ్చింది. మనలో మనకు ఎందుకు టెన్షన్?" ఆ మాట తర్వాత ఇంకోసారి అడగడానికి ఎవరికీ నోరు రాదు. లిఫ్టు దిగేలోపే ఫోన్‌లోంచి రెండు లక్షలు బయానాగా వెళ్లిపోతాయి. రసీదు ఉండదు, ఎంతకు ఒప్పుకున్నారో రాసుకున్న కాగితం ఉండదు.

ఇందులో ఎవరూ మోసగాళ్లు కాకపోవచ్చు. చాలాసార్లు కారు కూడా. కానీ నెల తర్వాత మరొకరు ఐదు లక్షలు ఎక్కువిస్తామంటే ఆ పెద్దాయన మనసు మారవచ్చు. కొనేవాళ్ల బ్యాంకు ఏదో కాగితం సరిగా లేదని లోన్ నిరాకరించవచ్చు. అప్పుడు ఆ రెండు లక్షలు ఎవరివి? ఒకే జిల్లా అన్న ఆత్మీయత ఆ రోజున రెండు కుటుంబాలనూ కాపాడదు. పెళ్లి సంబంధం వస్తే రెండు ఊళ్లలో వాకబు చేయందే తాంబూలాలు పుచ్చుకోని మనం, జీవితకాలపు సంపాదన పెట్టే ఇంటి విషయంలో ఒక్క కాఫీకి మెత్తబడిపోవడం బాధ కలిగిస్తోంది.

కాబట్టి మొదటి రూపాయి ఇచ్చే ముందే అగ్రిమెంట్ రాసుకోవాలి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం ఆ అగ్రిమెంట్ వల్ల ఇల్లు మీదైపోదు. కానీ ఒప్పుకున్న ధర, ఇచ్చిన సొమ్ము, రిజిస్ట్రేషన్ గడువు, మాట తప్పితే ఎవరు ఎంత చెల్లించాలో అందులో ఉంటాయి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే చేతిలో ఉండే ఆధారం అదే. ఒక్క షరతు మాత్రం తప్పనిసరిగా రాయించుకోమని మా మనవి: ఆస్తి పత్రాల్లో లోపం వల్ల బ్యాంకు లోన్ ఇవ్వకపోతే బయానా మొత్తం ఫలానా రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. పత్రాలు సరిగా ఉన్న ఓనర్‌కు ఈ షరతుతో ఇబ్బందేమీ ఉండదు. ఇక నగదు సంగతి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు మించిన బయానాను నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. గైడెన్స్ వాల్యూ (ప్రభుత్వం నిర్ణయించిన కనీస ధర) వరకే చెక్కు, మిగిలింది క్యాష్ అని ఎవరైనా అంటే, బేరం చెడితే ఆ క్యాష్‌కు సాక్ష్యం లేదని గుర్తుంచుకోవాలి.

పత్రాల విషయానికొస్తే, చాలామంది ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) తీసుకుని అదే చాలనుకుంటున్నారు. కర్ణాటకలో రిజిస్ట్రేషన్ల శాఖ వారి కావేరి పోర్టల్ వచ్చాక ఇంట్లో కూర్చునే ఈసీ తీసుకోవచ్చు. అది నిజంగా మంచి మార్పు. కానీ ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టర్ చేయని వీలునామా అందులో ఉండదు. కోర్టులో నడుస్తున్న పంపకాల దావా ఉండదు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చుకున్న అప్పు అన్నిసార్లూ కనిపిస్తుందన్న భరోసా లేదు. దానికి సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో విడిగా వెతకాలి. కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకవచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

అన్నిటికన్నా ఎక్కువగా తగువు పుట్టేది ఇంటి ఆడపిల్లల సంతకం దగ్గర. తండ్రి వీలునామా రాయకుండా పోయారు, ఖాతా అన్నదమ్ముల పేరు మీదికి మారింది, వాళ్లిద్దరూ అమ్మేస్తున్నారు. అక్క విజయవాడలో ఉంది, చెల్లి డాలస్‌లో ఉంది. "వాళ్లకు పెళ్లిళ్లప్పుడే ఇచ్చేశాం" అన్న మాట మన ఇళ్లలో ఎంత మామూలో అందరికీ తెలుసు. చట్టం ముందు ఆ మాట నిలవదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితంలో కూతుళ్లకు 1956 నుంచే కొడుకులతో సమాన వాటా ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూడా ఆడపిల్లలకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1980ల్లోనే ఇచ్చింది, కర్ణాటక 1994లో ఇచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి అమ్మేవారిని వంశవృక్షం అడగాలి. అందులో ఉన్న ప్రతి వారసురాలూ విక్రయ దస్తావేజులో సంతకం చేయాలి, లేదా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం చూపించాలి. ఈ విషయంలో కొనేవాడు గట్టిగా నిలబడితే తన డబ్బు భద్రంగా ఉంటుంది. ఒక ఆడబిడ్డకు తన వాటా గురించి తనను అడిగే రోజు కూడా వస్తుంది. మేం ఈ మాట నొక్కి చెబుతున్నది అందుకే.

బెంగళూరుకే ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇల్లు కొన్న అనుభవం ఇక్కడ పూర్తిగా అక్కరకు రాదు. ఖాతా అనేది పన్ను కోసం కార్పొరేషన్ రాసుకునే లెక్క; అది యాజమాన్య హక్కు పత్రం కాదు. అందులో మళ్లీ 'ఏ' ఖాతా, 'బీ' ఖాతా అని రెండు రకాలు. అనుమతులు సరిగా లేని ఆస్తులు చాలావరకు 'బీ' ఖాతాలో ఉంటాయి, వాటి మీద లోన్ పుట్టడం కష్టం. 2024 అక్టోబర్ నుంచి ఈ-ఖాతా (కంప్యూటర్‌లో నమోదైన ఖాతా) లేనిదే నగరంలో రిజిస్ట్రేషన్ జరగడం లేదు. కాబట్టి ఓనర్ దగ్గర ఈ-ఖాతా సిద్ధంగా ఉందో లేదో మొదటి రోజే అడగాలి. ఫ్లాట్ అయితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో కాపురం ఉండవచ్చని ఇచ్చే అనుమతి) కూడా చూడాలి. పదేళ్లుగా జనం కాపురముంటున్న అపార్ట్‌మెంట్లలో సైతం అది లేనివి ఈ నగరంలో ఎన్నో. బ్యాంకులు అది చూసే లోన్ ఇవ్వాలని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పాక ఈ కాగితం విలువ ఇంకా పెరిగింది. శివార్లలో స్థలమో, విడి ఇల్లో అయితే ఆ భూమి ఒకప్పుడు ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం మంజూరు చేసినదేమో చూడాలి. 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం అలాంటి భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే, మధ్యలో ఎన్ని చేతులు మారినా ఆ అమ్మకం చెల్లదు. ఆ చట్టం ఉన్నది పేదల భూమిని కాపాడటానికి. దాన్ని గౌరవించాల్సిన బాధ్యత కొనేవారి మీద కూడా ఉంది.

2016లో రాజకాలువల (పెద్ద వాననీటి కాలువల) మీద కట్టారని ఇళ్లు కూల్చినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో రిజిస్ట్రేషన్, ఖాతా, పన్ను రసీదులు అన్నీ ఉన్నవాళ్లున్నారు. హైదరాబాద్‌లో 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక మనవాళ్లు చూసిన దృశ్యాలను బెంగళూరు అంతకు ఎనిమిదేళ్ల ముందే చూసింది. గ్రామ నక్షాలో ఆ స్థలం పక్కన కాలువ గానీ చెరువు గానీ ఉందా అన్నది ఓనర్ చెప్పాల్సిన విషయం కాదు, మనం చూసుకోవాల్సిన విషయం.

ఇవన్నీ కన్నడ పత్రాల్లో ఉంటాయి. అక్షరాలు మన లిపికి దగ్గరగా ఉండటంతో కూడబలుక్కుని చదివేస్తున్నారు, అర్థమైందనుకుంటున్నారు. దస్తావేజు భాష అలా పట్టుబడదు. మిగిలిన కమీషన్‌లో కొంత పెట్టి, ఇక్కడి సివిల్ కోర్టుల్లో పనిచేసే, ఓనర్‌తో ఏ సంబంధం లేని లాయర్ చేత లీగల్ ఒపీనియన్ రాయించుకోవాలి. బ్యాంకు లాయర్ చూశాడు కదా అని ఊరుకోకూడదు. ఆయన చూసేది బ్యాంకు అప్పు భద్రతను.

ఓనర్‌కు లోన్ మిగిలి ఉంటే భయపడనక్కర్లేదు. బాకీ ఎంతో బ్యాంకు చేత రాయించి, మీ బ్యాంకు నుంచి నేరుగా ఆ బ్యాంకుకే కట్టించాలి. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఓనర్ అమెరికాలో ఉండి తమ్ముడికి జీపీఏ (తన తరఫున అమ్మే అధికార పత్రం) ఇచ్చి అమ్మిస్తుంటే మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. జీపీఏ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ జీపీఏ కూడా పోతుంది. అందుకే ఆయనతో వీడియో కాల్‌లో స్వయంగా మాట్లాడాలి. పన్ను కోత విషయం కూడా చాలామందికి తెలియదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే, ఇక్కడ నివసించే ఓనర్‌కిచ్చే సొమ్ములోంచి 1 శాతం కొనేవారే కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఓనర్ ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క వర్తించదు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, ఆపైన సర్‌చార్జి, సెస్సు. కోయకపోతే నోటీసు వచ్చేది డాలస్‌కు కాదు, వైట్‌ఫీల్డ్‌కే.

ఇంతవరకూ కొనేవాళ్లకు చెప్పాం. ప్రభుత్వాన్ని అడగాల్సింది అంతకన్నా ఎక్కువుంది. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఇంటి మీద స్టాంపు డ్యూటీ 5 శాతం, దానిపై సెస్సు, సర్‌చార్జి. రిజిస్ట్రేషన్ ఫీజును 2025 ఆగస్టు చివర్లో 1 శాతం నుంచి 2 శాతానికి పెంచారు. అంటే బెంగళూరులో కోటి రూపాయల ఇల్లు కొంటే ఖజానాకు ఏడున్నర లక్షలకు పైగా వెళ్తోంది. ఏ బ్రోకరూ అడగనంత సొమ్ము ఇది. ఇంత తీసుకున్న ప్రభుత్వం ఆ ఇల్లు అమ్మేవారిదేనని మాత్రం పూచీ ఇవ్వదు. సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. హక్కు ఎవరిదో తేల్చడు. ఆ భారమంతా కొనేవాడిదే. ఇది న్యాయం కాదు.

కావేరి, ఈ-ఖాతా తెచ్చిన రాష్ట్రానికి తర్వాతి అడుగు అసాధ్యమేమీ కాదు. ఒక ఆస్తి నంబరు కొడితే ఈసీ, ఖాతా, పన్ను బకాయి, బ్యాంకు తాకట్టు, కోర్టు దావా అన్నీ ఒకేచోట కనిపించాలి. కోర్టు దావా మరీ ముఖ్యం. కేసు నడుస్తుండగా కొన్న ఆస్తి, ఆ సంగతి కొన్నవాడికి తెలియకపోయినా, తీర్పుకు కట్టుబడాల్సిందే. మహారాష్ట్ర, గుజరాత్‌లు ఈ నియమాన్ని మార్చుకుని, దావా నోటీసును రిజిస్టర్ చేయించాలన్న షరతు పెట్టుకున్నాయి. అప్పుడు కొనేవాడు వెతికితే దొరుకుతుంది. బెంగళూరులో కొనేవాడికి ఆ పాటి రక్షణ ఇవ్వడానికి కర్ణాటక కూడా అలాంటి సవరణ చేయాలి. దాంతోపాటు కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సమానంగా ఉండే నమూనా అగ్రిమెంట్‌ను కన్నడ, ఇంగ్లిష్‌తో పాటు ఈ నగరంలో పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగు, తమిళ, ఉర్దూ వాళ్ల భాషల్లో కూడా కావేరి పోర్టల్‌లో పెట్టాలని కోరుతున్నాం. అచ్చు కాగితం ముందుంటే "మనలో మనకు ఎందుకు" అనే పెద్దాయన కూడా అందులోని ఖాళీలు నింపడానికి అభ్యంతరం చెప్పరు.