మా ఇంట్లో రెండో రౌటర్

పర్లాకిమిడిలో మా ఇంటికి నెట్ కనెక్షన్ ఒకటే. అమ్మ టీవీ, పక్కవాటా పిన్ని ట్యాబు, మేడమీద అద్దెకుండే ఒడియా మాస్టారి ఫోను, అన్నీ దాని మీదే బతుకుతాయి. శుక్రవారం సాయంత్రం ఈ సంగతి మర్చిపోయి, ప్రాక్టీసుకని లాప్‌టాప్‌లో వర్చువల్ రౌటర్, అంటే పెట్టె లేకుండా సాఫ్ట్‌వేరుతోనే నడిచే రౌటర్, పెట్టాను.

కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్‌లో వైఓఎస్ అనే రౌటర్ సాఫ్ట్‌వేరు ఎక్కించి, బయటికి దారి చూపే గేట్‌వేగా 10.10.10.1 అడ్రసు ఇచ్చి, అడ్రసులు పంచడానికి డీహెచ్‌సీపీ సర్వరు కూర్చోబెట్టి, కమిట్ కొట్టాను. గర్వంగా టీ తాగాను కూడా. పొరపాటల్లా ఒకటే. దాని నెట్‌వర్క్ కార్డుకి లాప్‌టాప్ గడప దాటని ఇంటర్నల్ నెట్‌వర్క్ పెట్టాల్సింది పోయి, ఇంటి నెట్‌తో కలిపేసే బ్రిడ్జ్‌డ్ పెట్టాను. గదిలో చేసుకోవలసిన బొమ్మల పెళ్లికి వీధివీధంతా భోజనాలకి పిలిచినట్టన్నమాట.

అప్పుడే కరెంటు పోయి వచ్చింది. అసలు రౌటర్ ఇంకా కళ్లు నులుముకుంటోంది. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి నా రౌటర్ మహా చురుగ్గా ఉంది. డీహెచ్‌సీపీలో మర్యాదలేం ఉండవు. రైలు దిగినవాడి సంచి ముందు ఏ ఆటోవాడు పట్టుకుంటే బేరం వాడిదే. ఇంటిల్లిపాది సంచులూ నా ఆటో పట్టేసింది. దానికి బయటికి దారి మాత్రం లేదు.

"ఏటి చేసేవురా? సీరియల్లో పెళ్లి దగ్గరే సున్నా తిరుగుతోంది!" అని అమ్మ.

మేడమీంచి మాస్టారు ఒడియాలో, ఏమైందని: "కణ హెలా?"

టీవీ అడ్రసు చూస్తే 10.10.10.11. 1936 ఏప్రిల్ 1న మా ఊరి అడ్రసూ ఇలాగే మారి ఒడిశాలోకి వెళ్లింది. అయినా ఇంట్లో తెలుగు ఆగలేదు. టీవీకి అంత నిబ్బరం లేదు.

కంగారులో వర్చువల్ రౌటర్‌ని టక్కున ఆపేశాను. అయినా టీవీ కదల్లేదు. నా సర్వరు ఇచ్చిన లీజు, అంటే అడ్రసు వాడుకునే గడువు, 24 గంటలు! చచ్చిన గేట్‌వేనే పట్టుకుని వేలాడుతోంది. ప్లగ్గు పీకి మళ్లీ పెడితేగాని దారికి రాలేదు. అప్పటికి తెర మీద పేర్లు పడుతున్నాయి.

రాత్రి అందరూ పడుకున్నాక కార్డు సరిచేసి రౌటర్ మళ్లీ లేపాను. పచ్చి పసిబిడ్డలా చూసింది. కమిట్ కొడితే అప్పటికి అమలవుతుంది, ఆపి లేపినా గుర్తుండాలంటే సేవ్ కొట్టాలి. నేను కమిట్ కొట్టాను గాని సేవ్ కొట్టలేదు మరి.

పక్కగదిలోంచి అమ్మ గొంతు. "ఒరే, తాళి కట్టేడో లేదో పిన్నినడిగి చెప్పు."

ఆవిడ ట్యాబుకీ నేనే అడ్రసిచ్చానని ఎలా చెప్పను?