గాలికి పోయే టెంటు

నేను కరెంటు ఆఫీసులో 33 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత మా ఆవిడ నోటే వింటారు.

గుంటూరులో రిటైరైనవాడికి పెద్దగా పనులుండవు. పొద్దున్నే నడవడం, వచ్చే దారిలో బ్రాడీపేటలో నెయ్యి ఇడ్లీ తిని ఆ నడకను రద్దు చేయడం. నాకు ఆర్నెల్లకే విసుగొచ్చింది. సరిగ్గా అప్పుడే మా అబ్బాయి నా పుట్టినరోజుకు ఒక టెంటు పంపాడు. ఇంకేం, సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం అని తీరం వెంట కార్లో పోతూ ఎక్కడ బాగుంటే అక్కడ టెంటు వేసుకుని పడుకుందామన్నాను.

"ఇంట్లో మంచం, ఫ్యాను పెట్టుకుని ఇసకలో పడుకోవాల్సిన ఖర్మ మనకేంటండీ?" అంది మా ఆవిడ. దానికి నా దగ్గర సమాధానం లేదు. అందుకని డాబా మీద ట్రయల్ వేసి చూపించాను. ఎదురింటాయన గోడ మీంచి తొంగిచూసి "ఏం ఫంక్షనండీ?" అని అడిగాడు. టెంటు మాత్రం గుడిలో ధ్వజస్తంభంలా నిలబడింది. గుంటూరులో మధ్యాహ్నం పూట ఆకు కూడా కదలదన్న సంగతి అప్పుడు లెక్కలోకి తీసుకోలేదు.

శివరాత్రి వెళ్ళిన వారం బయల్దేరాం. టెంటు డిక్కీలో మూల పట్టింది. మిగతా చోటంతా మడత మంచం, చిన్న గ్యాసు స్టవ్వు, కుక్కరు, రెండు రకాల పచ్చళ్ళు, పులిహోర డబ్బా, నాలుగు ఖాళీ బియ్యం సంచులు.

"ఖాళీ సంచులెందుకే?"

"ఉంటే ఏదో ఒకదానికి పనికొస్తాయి."

చేబ్రోలు దాటి పొన్నూరు రాగానే కారాపమంది. అక్కడ వెలిసిన స్వామి సాక్షి భావన్నారాయణుడు. కాశీలో ఒకాయన ఇచ్చిన మాటకు సాక్ష్యం చెప్పడానికి వచ్చాడని ఆ పేరు. మా ఆవిడ కళ్ళు మూసుకుని, నాకు వినపడేలా దండం పెట్టుకుంది. "స్వామీ, ఈ ప్రయాణం నేను వద్దన్నాను. నువ్వే సాక్షి."

బాపట్ల నుంచి సూర్యలంక 9 కిలోమీటర్లు. మూడున్నరకల్లా చేరాం. సరుగుడు తోపు పక్కన కొబ్బరిబోండాలమ్మే ఆయన్ని అడిగి, ఆయన ఖాళీ స్థలంలోనే టెంటు వేశాను. ఎండకు నేల కాలిపోయి ఉంటుంది కాబట్టి ఆ వేళకు సముద్రం మీంచి గాలి ఒకటే పోతగా కొడుతుంది. మేకులు ఎనిమిదీ కొట్టి తాళ్ళు బిగించాను. టెంటు పొట్ట ఉబ్బించుకుని బుసలు కొడుతోంది కానీ కదల్లేదు. నేను లోపల బాసింపట్టు వేసుకుని "చూశావా!" అని బయటికి కేకేశాను.

అలా ఒక ఇరవై నిమిషాలు రాజులా గడిపాను. ఇంతలో బయట స్టవ్వు మీద, కారు చాటున, మా ఆవిడ అల్లం టీ పెట్టింది. వాసన తగిలింది. లేచి బయటికి వచ్చి గ్లాసు అందుకున్నాను, అంతే.

వెనక టప్, టప్, టప్ మని మూడు చప్పుళ్ళు. తిరిగి చూస్తే టెంటు లేదు. అంటే ఉంది, కాకపోతే తోపు వైపు దొర్లుతూ పోతోంది. కడుపులో నా దిండు, లుంగీ, దోమల చక్రాలు, పులిహోర డబ్బా. దాని వెనక నేను, నా వెనక ఎక్కణ్ణుంచి వచ్చారో నలుగురు పిల్లలు. టీ గ్లాసు మాత్రం వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ పిల్లలకంత సంతోషం ఈ మధ్య దొరికినట్టు లేదు. "తాతా, అటు పోయింది! తాతా, ఇటు!" అని దారి చూపిస్తున్నారు. నాకప్పుడు వెలిగింది. ఇందాకటిదాకా ఆ టెంటును నిలబెట్టింది మేకులు కాదు, నా 82 కిలోలు.

వంద గజాల అవతల అది ఆగింది. సరుగుడు మానుకు తగిలి కాదు. ఒక ఊరకుక్క దూరి పులిహోర మీద కూర్చుంది, ఆ బరువుకు ఆగింది.

వలలు బాగుచేసుకుంటున్న కుర్రాడొకడు లేచొచ్చి సాయం పట్టాడు. నా చేతిలో మేకు చూసి నవ్వాపుకోలేకపోయాడు. "బాబాయ్, ఎండిసకలో మేకు కొడితే ఏముంటది? పెరుగులో చెంచా గుచ్చినట్టే. సంచిలో ఇసక పోసి, తాడు కట్టి, లోతుగా పాతిపెట్టు. పైనున్న ఇసకే దాన్ని పట్టుకుంటది."

మా ఆవిడ బియ్యం సంచులు తెచ్చి నా ముందు పడేసింది. అప్పుడందీ మాట.

"ఏమండీ, స్తంభం ఒరగకుండా స్టే వైరు లాగితే అడుగున రాడ్డుకు ప్లేటు పెట్టి, నడుం లోతు దాటిన గుంటలో పూడ్చేవాళ్ళు కదూ? ప్లేటు లేకపోతే స్టే ఊడొస్తుందని కాంట్రాక్టరు మీద మీరు ఫోన్లో అరిచిన అరుపులకి పక్కవీధి వాళ్ళకి కూడా కంఠతా వచ్చింది."

33 ఏళ్ళు. ఎన్ని వేల స్తంభాలో. నోరు మూసుకుని గుంట తవ్వాను.

నాలుగు సంచులు పాతేసరికి చీకటి పడింది. ఈసారి టెంటు నిజంగానే ధ్వజస్తంభం. కానీ పొద్దు వాలి నేల చల్లారితే సముద్రపు గాలి కూడా జారుకుంటుంది కదా, తొమ్మిదింటికి చుక్క గాలి లేదు. లోపల ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంది. మా ఆవిడ బయట మడత మంచం వాల్చుకుని, చుక్కలు చూస్తూ, మిగిలిన గోంగూర పచ్చడన్నం తిని హాయిగా నిద్రపోయింది. మధ్యలో ఒకసారి లేచి "అలల చప్పుడు భలే ఉందండీ" అని మళ్ళీ పడుకుంది.

పొద్దున మూడు సంచులు పీకగలిగాను. నాలుగోది రాలేదు. నా సర్వీసులో అంత గట్టి స్టే ఇంకోటి వేయలేదు. తాడు కోసి, దాన్ని సూర్యలంకకే వదిలేశాను.

బాపట్ల వచ్చాక తలొంచుకుని కారు గుంటూరు దారి పట్టించాను.

"అటెక్కడికి? వాడరేవు చీరాల వైపు కదా?"

"నువ్వు వద్దన్నావు కదే. దానికి సాక్షి కూడా ఉన్నాడు."

మా ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"తిరిగొచ్చేటప్పుడు పర్చూరు, చిలకలూరిపేట మీదుగా వెళ్దాంలెండి," అంది. "పొన్నూరు మీదుగా వద్దు."